రెండు, ఏడు, చివర ఐదు

రాంబాబుకు మనుషులంటే గిట్టదు. ఇది అతని మీద ఎవరో పనిగట్టుకుని వేసిన నింద కాదు. కిరండూల్ కాలనీలో టీ బంకు దగ్గర నిలబడి ఎవరిని అడిగినా ఇదే చెబుతారు. పాలవాడు నవ్వుతూ పలకరిస్తే, నీళ్లు కలిపాడు కాబట్టే నవ్వుతున్నాడంటాడు. పక్కింటివాళ్లు శుభలేఖ తెచ్చిస్తే వధూవరుల పేర్లు చూడడు. తేదీకీ వారానికీ పొత్తు కుదిరిందో లేదో చూస్తాడు, కుదిరితే ముఖం ముడుచుకుంటాడు. ఇంత కోపం ఎక్కడి నుంచి వచ్చిందని వెతకడం దండగ. కొందరు అలా పుడతారు, అలాగే తల నెరిసేదాకా వస్తారు.

తండ్రి విజయనగరం వైపు నుంచి బైలదిల్లా కొండ మీద ఇనుపరాయి తవ్వే పనికి వచ్చి, ఇక్కడే ఉండిపోయాడు. రాంబాబు ఇక్కడే పుట్టాడు. బడిలో లెక్కల్లో మొదటివాడు, తక్కిన అన్నింటిలో తగాదాలకు మొదటివాడు. డిగ్రీకి జగదల్‌పూర్ వెళ్లాడు. లెక్కల మాస్టారు బోర్డు మీద ఒక మెట్టు దగ్గర గుర్తు తప్పు వేస్తే, వెనక బెంచీ నుంచి పకపకా నవ్వాడు. మాస్టారు బయటికి పొమ్మన్నాడు. పోయాడు, మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. క్షమాపణ చెబితే రానిస్తామని కబురు పెట్టారు కూడా. గుర్తు తప్పు వేసినవాడు చెప్పాలి గానీ నేనెందుకు చెప్పాలని అడిగాడట. అడగవలసిన ప్రశ్నే. కాకపోతే దానితో అతని చదువు ముగిసింది.

ఆ తర్వాత ఒక గుత్తేదారు దగ్గర ఉద్యోగం దొరికింది. కొండ దిగువన గూడ్సు బళ్లలోకి ఇనుపరాయి నింపే సైడింగ్ అది. ఖాళీ బండి వచ్చి నిలబడగానే దాని పొడవునా నడిచి, ప్రతి వ్యాగన్ మీదా ఉన్న నెంబరు రాసుకోవాలి. మామూలు మనిషికి ఇంతకంటే విసుగు పుట్టించే పని ఉండదు. రాంబాబుకు మాత్రం పెళ్లి కుదిరినంత సంబరమైంది.

ఎందుకంటే వ్యాగన్ నెంబరు చిన్నాచితకా సంఖ్య కాదు. పదకొండు అంకెలుంటాయి. 22121408275 అని ఒక వ్యాగన్ మీద రాసి ఉంటే, జనానికి అది తెల్ల రంగు గీతలు. రాంబాబుకు అది రెండు వేల రెండు వందల పన్నెండు కోట్ల పైచిలుకు సంఖ్య. బేసి సంఖ్య. ఇరవై ఐదుతో భాగిస్తే శేషం ఉండదు. అంకెలన్నీ కూడితే ముప్పై నాలుగు, కాబట్టి మూడుతో గానీ తొమ్మిదితో గానీ పోదు. ఒక అంకె కలిపి ఒక అంకె తీసేస్తూ వెళితే పదకొండుతో పోతుందో లేదో తెలుస్తుంది. ఇదంతా అతను నడుస్తూనే తేల్చేసేవాడు. ఎదురింటి పిల్ల లాస్య పేరు నాలుగేళ్లయినా అతని నోట సరిగ్గా రాలేదు గానీ, పోయిన వర్షాకాలంలో వచ్చిన బండిలో ఏ వ్యాగన్ తొమ్మిదితో పోయిందో చెప్పగలడు.

అన్నింటికంటే అతను మొక్కేది ఆ పదకొండో అంకెకు. అది ఊరికే పెట్టిన అంకె కాదు. ఎడమ నుంచి చూస్తే రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది, పది స్థానాల్లో ఉన్న అంకెలను కూడి, మూడుతో హెచ్చవేయాలి. మిగిలిన బేసి స్థానాల అంకెలను దానికి కలపాలి. వచ్చినదాన్ని తర్వాతి పదికి చేర్చడానికి ఎంత కావాలో, అదే పదకొండో అంకె. డెబ్బై ఐదు వచ్చిందనుకుంటే ఎనభైకి ఇంకా ఐదు కావాలి, అందుకని చివర ఐదు. నెంబరులో ఏ ఒక్క అంకె తప్పు రాసినా ఈ చివరి అంకె కుదరదు. కాపలా కోసమే దాన్ని అక్కడ పెట్టారు.

ఈ కాపలా అంకె రాంబాబు తలకెక్కింది. ఎవరు నెంబరు చెప్పినా నిలబెట్టి లెక్క వేసేవాడు, కుదరకపోతే నలుగురిలో పరువు తీసేవాడు. కొత్తగా మేనేజరుగా వచ్చిన కమలేష్‌కు కూడా ఈ పాఠం చెప్పి, ఆఫీసు కంప్యూటర్‌లో పెట్టించాడు. చివరి అంకె కుదరని నెంబరును కంప్యూటర్ తీసుకోదు. కమలేష్ జగదల్‌పూర్ మనిషి, లెక్కలంటే భయం, కానీ ఇది అతనికి తెగ నచ్చింది. మనిషి మాట వినే పని తప్పుతుంది కదా. మనిషి మాట వినడం ఇద్దరికీ ఇష్టం లేని పని కాబట్టి, ఒక్క ఆ విషయంలో మేనేజరుకీ గుమాస్తాకీ బాగా కుదిరింది.

ఆ సైడింగ్‌లో ఇంతకుముందు ఒక అలవాటు ఉండేది. పాడైన వ్యాగన్ నెంబరును ఒకరు పలికితే, రాసుకున్నవాడు దాన్ని తిరిగి పైకి చదవాలి. పలికినవాడు అవునన్నాకే చీటీ పైకి వెళుతుంది. రాంబాబు దీన్ని ఎత్తేశాడు. చివరి అంకె ఉండగా మళ్లీ చదవడం దేనికి, నాకు చెవుడా అన్నాడు. అవునవును అన్నారు అందరూ.

ఒక్క ఆయతు మాత్రం అవునని అనలేదు.

ఆయతు మద్దేడ్ అవతల ఊరివాడు, దోర్లా గిరిజనుడు. ఇంట్లో దోర్లీ, సంతలో హిందీ, రాంబాబు లాంటి వాళ్లతో తెలుగు. ఖాళీ బండి రాగానే సుత్తి పట్టుకుని వ్యాగన్ల కిందికి వంగి చక్రాలు, బ్రేకులు, స్ప్రింగులు చూడడం అతని పని. పనికిరాని వ్యాగన్ కనబడితే దాన్ని "సిక్" అంటారు. దాని మీద సుద్దతో అడ్డగీత కొట్టి నెంబరు పలుకుతాడు. రాంబాబు చీటీ రాస్తాడు, ఆయతు కింద సంతకం పెడతాడు. ఆ చీటీ చూసి షంటింగ్ వాళ్లు ఆ వ్యాగన్‌ను బండి నుంచి తప్పిస్తారు. అంటే వీళ్లిద్దరూ రోజంతా ఒకరి వెంట ఒకరు నడవాలి. అంతకు మించిన శిక్ష ఇద్దరికీ ఇంకొకటి వేయనక్కర్లేదు.

మొదటి వారంలోనే చెడింది. రాంబాబు ఏదో నెంబరు చూసి, పదకొండుతో నిశ్శేషంగా పోయిందని మురిసిపోతుంటే, ఆయతు వ్యాగన్ కింద నుంచి తల బయటపెట్టాడు.

"గా లెక్కతోటి స్ప్రింగు ఇరిగిందో లేదో ఎరికైతదా?"

"అది నీ పని. నా పని నీకు అర్తమవదులే."

"నాకు అర్తం గాకున్నా నడుస్తది. నువ్వు మాత్రం రాసినంక ఒక్కసారి సదువు. గంతే."

లోడింగ్ కూలీలు కిసుక్కున నవ్వారు. ఆ నవ్వును రాంబాబు కడుపులో దాచుకున్నాడు. ఆ రోజు నుంచి ఆయతు ఏ నెంబరు పలికినా మొహం చూడకుండా రాసుకునేవాడు. అడవోడు, చదువు లేనోడు అని వినబడేలాగే అనేవాడు. ఆయతు కూడా తక్కువ తినలేదు. రాంబాబు దాటి పోగానే అతని నడకను అనుకరించి కూలీలకు చూపించేవాడు. ఆ ఇద్దరూ ఒకరికొకరు మంచినీళ్లు కూడా ఇచ్చుకోలేదు.

శ్రావణంలో ఒక గురువారం కుండపోతగా వాన పడింది. కిరండూల్ వానలో ఇనుప ధూళి ఎర్రటి బురదై, కాగితం చేతిలోనే ముద్దైపోతుంది. అందుకని రాంబాబు వానలో రాయడు. నాలుగైదు నెంబర్లు నోటికి పట్టుకుని, షెడ్డు కిందికి వచ్చాక రాస్తాడు. తన బుర్ర తడవదని అతని గొప్ప. ఆ రోజు వచ్చిన బండిలో వ్యాగన్లన్నీ దాదాపు ఒకే సంవత్సరం, ఒకే చోట తయారైనవి, వరసగా నెంబర్లు పడినవి. మొదటి ఆరు అంకెలూ అన్నింటికీ ఒకటే కాబట్టి ఆయతు చివరి ఐదే పలుకుతున్నాడు.

"సున్న, ఎనిమిది, రెండు, ఏడు, ఐదు. స్ప్రింగు ఇరిగింది," అని వానలో అరిచాడు ఆయతు. అడ్డగీత కొట్టాడు. గీత కొడుతుండగానే కారిపోయింది.

అలాంటివి ఆ రోజు మరో రెండు వచ్చాయి. రాంబాబు మూడూ తలలో పెట్టుకుని షెడ్డు కిందికి వచ్చి, చీటీ మీద పెట్టాడు. ఒక్కొక్కదానికి చివరి అంకె వేసి చూశాడు. మూడూ కుదిరాయి.

ఆయతు నీళ్లు కారుతూ వచ్చి నిలబడ్డాడు. "ఏం రాసినవో సదువు."

"నా లెక్క నువ్వు సూస్తావేటి? సివరంకె సరిపోనాది. సంతకం ఎట్టు."

"సదివితే నీ సొమ్ము పోతదా?"

"ఎడతావా, మేనేజరుకి సెప్పమంటావా?"

బండికి అవతలి కొస ఇంకా చూడాల్సి ఉంది. వాన తగ్గేలా లేదు. ఆయతు పళ్లు నూరుతూ సంతకం పెట్టి, మళ్లీ వానలోకి పోయాడు. షంటింగ్ వాళ్లు చీటీలో ఉన్న మూడు వ్యాగన్లను తప్పించారు. మిగిలినవాటిలో రాయి నింపారు. నిండిన బండి కదిలి, పట్టాలు రెండుగా చీలే మలుపు దగ్గరికి రాగానే ఒక వ్యాగన్ ఒక పక్కకు ఒరిగింది. దాని వెనక ఉన్నవి కూడా పట్టా తప్పాయి. మనిషి ఎవడూ పోలేదు, అదొక్కటే అదృష్టం. సైడింగ్ అంతా ఇనుపరాయి గుట్టలు.

ఒరిగిన వ్యాగన్ స్ప్రింగు విరిగి ఉంది. దాని నెంబరు చివర 08275.

చీటీలో ఉన్నది 08725. ఆ వ్యాగన్‌ను తప్పించి పక్క లైనులో నిలబెట్టారు. దానికి ఏ జబ్బూ లేదు.

మర్నాడు కమలేష్ ఇద్దరినీ గదిలోకి పిలిచాడు. అతనికి కావలసింది తప్పు ఎక్కడ జరిగిందో కాదు, తప్పు ఎవరి నెత్తిన రుద్దాలో. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నాయి.

"నేను జెప్పింది రెండు ఏడు. గీయన రాసింది ఏడు రెండు," అన్నాడు ఆయతు.

కమలేష్ రాంబాబు వైపు తిరిగాడు. రాంబాబుకు సమాధానం నాలుక చివరే ఉంది. అంకెలు తిరగబడితే చివరి అంకె కుదరదనీ, చీటీలో నెంబరుకు కుదిరిందనీ, కంప్యూటర్ కూడా దాన్ని తీసుకుందనీ, కాబట్టి నెంబరు సరైనదేననీ హిందీలో గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఇతను మంచి వ్యాగన్‌ను చూపించి, చెడ్డదాన్ని వదిలేశాడు, అంతే సాబ్ అన్నాడు. చెబుతున్నప్పుడు అతనికి కలిగిన ఆనందాన్ని దాచుకోవడానికి కూడా ప్రయత్నించలేదు.

"నీ దస్తఖత్ ఉంది కదా కింద," అని కమలేష్ ఆయతు ముందుకు చీటీ తోశాడు.

ఆయతు చీటీ వైపు చూడలేదు. రాంబాబు వైపు చూశాడు. "నీకు నా మీద కోపముంటే నన్ను దన్ను. నా బువ్వ దీయకు."

"బస్," అన్నాడు కమలేష్. ఆయతును పనిలోకి రావద్దన్నాడు. గుత్తేదారు ఇచ్చిన గదిని మంగళవారం లోపు ఖాళీ చేయమన్నాడు.

రాంబాబు ఆ సాయంత్రం ఇంటికి మిఠాయి పట్టుకొచ్చాడు. భార్య చిన్నమ్మి ఆ పొట్లాం విప్పి చూసి, ఇంట్లో పండగేమిటో తెలియక మళ్లీ కట్టేసింది.

ఆదివారం మధ్యాహ్నం కంచం ముందు కూర్చున్నాడు. కూర బాగుంది, వాన ఆగింది, శత్రువు పోయాడు. అయినా ఇంకొంచెం సుఖం కావాలనిపించింది. ఆయతు చెప్పినట్టే తను అంకెలు తిరగేసి రాశాడనుకుందాం. అప్పుడు చివరి అంకె ఎంత దూరంలో కొట్టుకుపోయేదో చూసి, ఆ అడవోడి అబద్ధాన్ని మరోసారి అనుభవిద్దామనుకున్నాడు. పక్కనున్న పాత పేపరు అంచు మీద లెక్క మొదలుపెట్టాడు.

తొమ్మిదో స్థానంలో రెండు, పదో స్థానంలో ఏడు. ఏడు మూళ్లు ఇరవై ఒకటి, రెండు కలిపితే ఇరవై మూడు. తిరగేస్తే రెండు మూళ్లు ఆరు, ఏడు కలిపితే పదమూడు. తేడా సరిగ్గా పది. మొదటిదాని మొత్తం డెబ్బై ఐదు, ఎనభైకి ఐదు కావాలి. రెండోదాని మొత్తం అరవై ఐదు, డెబ్బైకి ఐదు కావాలి.

చివర ఐదు. రెండింటికీ ఐదే.

పెన్ను వదిలేసి మళ్లీ పట్టుకున్నాడు. చివరి అంకె పట్టుకుంటుందేమోనని ఒకటి, ఆరు తిరగేసి చూశాడు. పట్టలేదు. మూడు, ఎనిమిది. పట్టలేదు. నాలుగు, తొమ్మిది. సున్న, ఐదు. పక్కపక్కనున్న రెండు అంకెల మధ్య తేడా ఐదైతే చాలు, వాటిని ఎటు తిప్పి రాసినా చివరి అంకె నోరు మూసుకుని కూర్చుంటోంది. ఇన్నేళ్లూ మొక్కిన కాపలావాడికి ఒక కన్ను లేదు. తొమ్మిదితో భాగించి చూశాడు. అంకెలు అవే కాబట్టి అది ఎలాగూ గుడ్డిదే. పదకొండుతో భాగించాడు. ఒకదానికి పది మిగిలింది, రెండోదానికి తొమ్మిది. పదకొండు పట్టేది. కానీ దాన్ని ఎవరూ కాపలా పెట్టలేదు.

"అన్నం ముందెట్టుకుని ఆ గీతలేటి? మెతుకులెండిపోతన్నాయి," అంది చిన్నమ్మి.

వానలో ఆయతు అరుపు అప్పుడు గుర్తొచ్చింది. రెండు, ఏడు అన్నాడు. అలాగే అన్నాడు. షెడ్డు కింద రాసేటప్పుడు ఏది ముందో ఒక్క క్షణం తట్టలేదు. ఏడు ముందు వేసి, చివరి అంకె చూసుకుని, కుదిరిందని ముందుకు పోయాడు. ఇదంతా అతనికి గురువారం నుంచీ తెలియదా అంటే, లోపల ఎక్కడో తెలుసు. చివరి అంకె సరేనన్నాక తన జ్ఞాపకాన్ని తనే నమ్మడం మానేశాడు.

చిన్నమ్మికి చెప్పాడు. చెప్పకుండా ఉండలేకపోయాడు. తన తప్పుగా కాదు, సూత్రం తప్పుగా చెప్పాడు. ఆ సూత్రం పెట్టినవాళ్లు మూడుతో హెచ్చవేయమన్నారు, పదకొండుతో శేషం చూడమని ఉంటే ఈ గొడవే లేదు, వాళ్ల బుర్ర తక్కువతనానికి ఇంత జరిగిందని అరగంట వాయించాడు.

చిన్నమ్మి అంతా విని, కంచం తీసుకుని లేచింది. "సూత్రానికి గదుందేటి, మంగళారం ఖాళీ సెయ్యడానికి?"

"నీకు తెలీదులే."

"తెలీదు. మరి నువ్వెల్లి సెప్పు."

వెళ్లలేదు. సోమవారం డ్యూటీలో కూర్చుని కాగితాల మీద కాగితాలు నింపాడు. తప్పంతా సూత్రానిదే అయ్యేలా, తన చెయ్యి ఎక్కడా కనబడకుండా ఒక వాదన కట్టాలి. ఏ దారిన వెళ్లినా చివరికి ఒక మనిషి ఏడును ముందు వేశాడన్న చోటికే వచ్చి ఆగుతోంది. ఆ వాక్యాన్ని తప్పించి వాదన పూర్తికావడం లేదు. లెక్కల్లో ఇంతగా ఎప్పుడూ ఇరుక్కోలేదు. కోపమొచ్చింది. సూత్రం మీద, కమలేష్ మీద, వాన మీద, తిరిగి చదవమని అడిగినందుకు ఆయతు మీద మరీ కోపమొచ్చింది.

మంగళవారం స్కూటర్ మీద డ్యూటీకి వెళుతుంటే గదుల వరస దగ్గర జనం కనిపించారు. గుత్తేదారు మనుషులు ఆయతు సామాను బయట పెడుతున్నారు. పెట్టడమంటే గౌరవంగా చెప్పిన మాట, విసిరేస్తున్నారు. ఆయతు భార్య, పేరు కోసి, బురదలో దొర్లిన గిన్నెలు ఏరుతోంది. బియ్యం సంచి తడిసి పక్కకు ఒరిగింది. ఆయతు దాన్ని భుజాన వేసుకుంటూ తలెత్తాడు. రాంబాబు స్కూటర్ ఆపలేదు. ఆపి ఏం చెప్పాలి? ఇంకా వాదన పూర్తికాలేదు.

ఈ సంగతి చూసి లోడింగ్ కూలీలు పని ఆపేశారు. వాళ్లలో చాలామంది ఆయతు వైపు ఊళ్లవాళ్లు. ఆయతు చేత్తో తడిమితే పగులు దొరుకుతుందని వాళ్లకు తెలుసు. కాగితం మీద ఏముందో వాళ్లకు అక్కర్లేదు. బుధవారం పొద్దున ఖాళీ బండి వచ్చి నిలబడితే ముట్టుకునేవాడు లేడు. కమలేష్‌కు చెమటలు పట్టాయి. ఆయతునూ రప్పించాడు, కూలీలందరినీ పోగుచేశాడు, రాంబాబు చేతికి సుద్దముక్క ఇచ్చాడు.

"రాంబాబూ జీ, మీ లెక్క వీళ్లకు చూపించండి. తప్పు ఎవరిదో వీళ్లే ఒప్పుకుంటారు."

రాంబాబు దీనికోసమే కాచుకుని ఉన్నట్టు ముందుకు నడిచాడు. ఖాళీ వ్యాగన్ పక్కరేకు మీద పెద్ద అంకెలతో రెండు నెంబర్లూ ఒకదాని కింద ఒకటి రాశాడు. మూడుతో హెచ్చవేశాడు, కూడాడు, డెబ్బై ఐదు రాశాడు, అరవై ఐదు రాశాడు. హిందీలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పాడు. చూడండి, తిరగేసినా చివర ఐదే వస్తోంది, ఈ సూత్రం గుడ్డిది, దీన్ని నమ్మకూడదు అన్నాడు. అతని గొంతు కూడా బాగా పలికింది. తను అనే మాట ఎక్కడా రాకుండా మొత్తం వాదన నడిపించాడు.

కూలీలు ఆ గీతలను చూసి మొహాలు చూసుకున్నారు. అందరికీ తోచింది ఒకటే: ఈ బాబు మళ్లీ ఆయతు మీద ఏదో రాస్తున్నాడని. వెనక నుంచి ఒకడు గట్టిగా తిట్టాడు. కమలేష్ మాత్రం అంతా అర్థమైనవాడిలా తల పంకించాడు.

"విన్నారు కదా? రెండు నెంబర్లూ సహీ అని రాంబాబే చెబుతున్నాడు. అంటే చీటీలో ఏ తప్పూ లేదు. తప్పు నెంబరుది కాదు, వ్యాగన్‌ను చూసిన మనిషిది."

రాంబాబు బిత్తరపోయాడు. జీవితంలో చాలామంది చాలా చెత్త లెక్కలు చెయ్యగా చూశాడు గానీ, తన లెక్కనే తీసుకుని ఇంత పట్టపగలు తలకిందులు చేసినవాణ్ణి చూడలేదు.

"అది కాదు సాబ్! రెండూ సరైనవని కాదు, రెండూ సరైనవాటిలా కనబడతాయని."

"అదే కదా నేనూ అన్నది."

"కాదు! దేన్ని దేనిగా మార్చారో ఆ సూత్రం చెప్పలేదని."

"మార్చింది ఎవరు మరి?" అన్నాడు కమలేష్, నవ్వుతూ.

ఆ నవ్వు రాంబాబుకు నషాళానికి అంటింది. ఆయతు మీద జాలి కాదు, న్యాయం మీద ప్రేమ కాదు. పచ్చి తప్పును ఒకడు నవ్వుతూ ఒప్పు అంటుంటే భరించలేకపోయాడు. అంతమంది ముందు గొంతు చించుకుని అరిచాడు.

"నేను! తిరగేసి రాసింది నేను! ఆయతు సరిగ్గానే సెప్పేడు. రెండు ఏడు అన్నాడు, నేను ఏడు రెండు రాసేను. మళ్లీ సదవమన్నాడు, నేను సదవలేదు."

ఈ ముక్క చెప్పడానికి సుద్ద అవసరం లేదు, హెచ్చవేత అవసరం లేదు. కూలీలకు వెంటనే అర్థమైంది. ఎవరో దాన్ని దోర్లీలో వెనకవాళ్లకు చెప్పారు, వెనకవాళ్ల నుంచి ఒక పెద్ద కేక లేచింది. కమలేష్ నవ్వు ఆగిపోయింది. ఇక దాచేందుకు ఏమీ మిగల్లేదు. ఆయతు ఇప్పుడే పనిలోకి దిగవచ్చనీ, గది తాళం తిరిగి ఇస్తామనీ గబగబా ప్రకటించాడు. రాంబాబు వైపు తిరిగి, మీరు ఆఫీసులో కాగితాలు అప్పగించి ఇంటికి వెళ్లండి, పిలిచినప్పుడు వద్దురుగాని అన్నాడు. ఇక పిలవరని ఇద్దరికీ తెలుసు.

జనం చెదిరారు. రాంబాబు సుద్ద పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఉద్యోగం పోయినా, లోపల ఎక్కడో ఒక మూల కాస్త పొంగు ఉంది. అంత మాట తన నోటితో తను చెప్పాడు. ఆయతు తన వైపే వస్తుంటే, ఏమీ అనక్కర్లేదని చెయ్యి ఊపడానికి కూడా సిద్ధపడ్డాడు.

ఆయతు దగ్గరికి వచ్చి ఆగాడు. వ్యాగన్ మీద గీతల వంక చూశాడు, రాంబాబు మొహం వంక చూశాడు.

"ఎప్పుడెరికైంది నీకు?"

ఇలాంటి ప్రశ్న వస్తుందని రాంబాబు అనుకోలేదు. "ఆదివారం."

"ఇయ్యాల బుధవారం."

రాంబాబు సుద్దముక్కను గుప్పిట్లో మూసుకున్నాడు.

"నిన్న మా కోసి బురదల గిన్నెలేరుకుంట ఉంటే, నువ్వు బండి మీద బోయినవ్. నన్ను జూసినవ్. గప్పటికి నీకు ఎరికేనా?"

"ఎరికే," అన్నాడు రాంబాబు. ఆ మాట అతని నోట ఆయతు యాసలోనే వచ్చింది.

ఆయతు ఇంకో అడుగు దగ్గరికి వచ్చాడు. కొడతాడేమో అనుకున్నాడు రాంబాబు. కొడితే బాగుండుననీ అనుకున్నాడు.

"ఇంత లెక్క జేసినవ్, గీ ఒక్క మాట జెప్పనీకి మూడు దినాలు బట్టిందా నీకు?" అన్నాడు ఆయతు. "నువ్వు రేపు లేకున్నా నాకు పండగేం గాదు. ఉన్నా నీతోటి మాట్లాడ."

సుత్తి అందుకుని బండి అవతలి కొసకు నడిచి, మొదటి వ్యాగన్ కిందికి వంగాడు. రాంబాబు అతను వెళ్లిన వైపే చూస్తుండగా, పని మొదలవ్వాలి, అడ్డం లెమ్మని షంటింగ్‌వాడు హిందీలో కసిరాడు. అతను పక్కకు జరిగాడు.